నెత్తళ్ళ పొట్లం

నేను గిలకలదిండిలో ఎండు చేపలు అమ్ముకునే నాంచారమ్మను. నాకు సెల్‌ఫోనే లేదు. అయినా ఒక కానిస్టేబుల్ వచ్చి, నా పేరున ఉన్న సెల్లు నుంచి ఎవరో గుడివాడ డాక్టరమ్మకు రోజూ ఫోన్ చేసి పాటలు పాడుతున్నారన్నాడు.

"నా గొంతుకి కాకులే ఎగిరిపోతాయి, నేను పాటలు పాడటమేంటయ్యా?" అని ఒంటికాలి మీద లేచాను.

ఇద్దరం ఆ కనెక్షన్ ఇచ్చిన మురహరి షాపుకి వెళ్ళాం. అతను దరఖాస్తు తీసి చూపించాడు. దానికి నా రేషన్ కార్డు జిరాక్సు పిన్ను కొట్టి ఉంది. అనుమానం వచ్చి వాసన చూశాను. నేనమ్మే ఎండు నెత్తళ్ళ వాసన!

దీపావళి మర్నాడు గ్యాసు కోసం పది జిరాక్సులు తీయించి, మూడు అక్కడిచ్చి, మిగిలినవాటిలో చేపలు పొట్లాలు కడుతున్నాను. కార్తీకమాసంలో నీసు ఎవరు కొంటారు? ఈసారి ఒకే ఒక్కడు కొన్నాడు.

"నువ్వే కదయ్యా!" అన్నాను.

"శివశివా! కార్తీకమాసమండీ, నేను నీసు ముట్టను," అని మురహరి చెంపలేసుకున్నాడు.

షాపు వెనకే ఇల్లు. వాళ్ళావిడ తలుపు తీసి, "మరి మొన్న దొడ్లో పొయ్యి మీద వేయించిందేంటండీ?" అంది.

దాంతో మురహరి దారికొచ్చాడు. పాటల పిచ్చి ఉన్న బావమరిదికి ఆ కాగితం పెట్టి సిమ్ము ఇచ్చానని ఒప్పుకున్నాడు. కనెక్షన్ తీయించి, ఈ నాంచారమ్మకేమీ సంబంధం లేదని రాసిచ్చాడు.

"ఇకమీదట జిరాక్సు దేనికిస్తున్నావో దాని మీద అడ్డంగా రాయి పిన్నీ," అన్నాడు కానిస్టేబుల్.

ఇంటికెళ్ళగానే, మిగిలిన ఆరింటి మీదా ఎర్ర సిరాతో అడ్డంగా రాశాను: "ఎండు చేపల పొట్లానికి మాత్రమే."