ఎడమచేతికి సెలవు

వత్సల, దస్తగీర్ ఎడమచేతికి మందపాటి గుడ్డసంచి తొడిగి, మణికట్టు దగ్గర నాడా బిగించింది. నెల రోజులుగా పొద్దున తొమ్మిదింటికి ఇదే తంతు.

"దొంగని వదిలేసి కాపలావాణ్ణి కట్టేస్తున్నావు తాయీ," అన్నాడతను. అక్కడ అక్కని అలాగే పిలుస్తారు.

"దొంగ కాదు, బద్ధకస్తుడు. పనిచేసేవాడు పక్కనుంటే లేవడు."

దస్తగీర్ మహారాష్ట్రలోని మిరజ్‌లో సితార్లు చేసే మనిషి. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కాలు తేరుకుంది. చేతివేళ్ళు కాస్త విచ్చుకుంటున్నాయి, అంతే.

ఆసుపత్రిలో ఈ వ్యాయామాల గది వత్సలది. పొట్టి మనిషి. ముప్ఫై ఏళ్ళుగా రోగుల్ని లేవనెత్తి మోకాళ్ళు అరగదీసుకుంది. ఆమె పందొమ్మిదో ఏట తండ్రికి ఇలాగే చెయ్యి పడిపోయింది. "ఇక రాదు" అని ఎవరో అన్న ఒక్క మాటకి ఇంటిల్లిపాదీ ఆయన్ని మూల మంచానికి వదిలేశారు. ఏడేళ్ళు. ఆయన చేతికి ఒక బంతి కూడా ఎవరూ ఇవ్వలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. వచ్చినవాళ్ళ చేతికల్లా బంతి మాత్రం ఇస్తుంది.

దస్తగీర్ తనకిచ్చిన చెక్కముక్కల్ని తోసేశాడు. "ఇవాళ్టితో సరి. పనిముట్లు మేనల్లుడికి ఇచ్చేస్తానని చెప్పేశా. మెదడులో ఆ చోటు చచ్చిపోయిందన్నాడు డాక్టరు. చచ్చింది లేస్తుందా?"

"లేవదు. ఆమధ్య కృష్ణకి వరదొచ్చి వంతెన మూసేస్తే మీకు పాలు రాలేదా?"

"వచ్చాయి. ఊళ్ళన్నీ తిరిగి, మధ్యాహ్నానికి, విరిగిపోయి."

"నాలుగో రోజుకి?"

"పొద్దున్నే వచ్చాయి. బండివాడికి దారి అలవాటైంది."

"ఇదీ అంతే. ఆ పని ఇప్పుడు పక్కచోటు నేర్చుకుంటోంది. చెయ్యి తిప్పినకొద్దీ దారి పడుతుంది."

"ఈయన మెదడుకి ముందునుంచీ చుట్టుదారే ఇష్టం," అంది పక్కనే కూర్చున్న భార్య జుబేదా.

వత్సల అలమరలోంచి పాత సితార్ మెడ ఒకటి తీసింది. దానికి ఒకే తీగ, దాన్ని బిగించడానికి తిప్పే బిరడా ఒకటే. నిన్న జుబేదా చేత రహస్యంగా తెప్పించింది. దస్తగీర్ భార్యకేసి కోపంగా చూశాడు కానీ, చెయ్యి బిరడా మీదికి పోయింది.

వేళ్ళు జారాయి. మళ్ళీ జారాయి. వత్సల అతని మోచేతిని పట్టుకుందే తప్ప అతని వేళ్ళని తను కదపలేదు. అరగంటకి అతని నుదుటిమీద చెమట పట్టింది. బిరడా కిర్రుమంది. ఆమె తీగ మీటింది.

"ఛీ, అపస్వరం!" అన్నాడు. అంటూండగానే వేళ్ళు బిరడాని ఇంకాస్త తిప్పేశాయి. ఆమె మళ్ళీ మీటింది. ఈసారి తీగ శ్రుతిలో పలికింది.

దస్తగీర్ చుట్టూ చూశాడు. "ఎవరు తిప్పారు?"

జుబేదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చేసింది.

మధ్యాహ్నం ఆ చేత్తోనే జొన్నరొట్టె తుంచాడు. సగం కూర చొక్కామీద పడింది. "పడనీండి, ఉతికేది నేనేగా," అంది జుబేదా.

"రేపట్నుంచి ఇక్కడ కాదు భాయ్, మీ దుకాణంలోనే చెయ్యండి. నెలకోసారి వచ్చి చూపిస్తే చాలు," అంది వత్సల. "మరి మేనల్లుడికి ఏం చెబుతారు?"

"ఎదురుగా కూర్చోమంటా. తీగ మీటడానికి ఓ మనిషి కావాలిగా!"

భార్యాభర్తలిద్దరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. వత్సల బల్ల తుడుస్తూ కిటికీ దగ్గర ఆగింది. ఐదు నెలలుగా జుబేదా అతనికి అన్నం తినిపిస్తున్న స్టీలు చెంచా, రుమాల్లో చుట్టింది చుట్టినట్టే గట్టుమీద ఉండిపోయింది. ఆ పూట దానికి ఒక్క మెతుకైనా అంటలేదు.