పదిహేడో నంబరు బోల్టు

పానా మూడోసారి జారింది. ఈసారి కంబన్న వేలి కణుపు మీద తోలు లేచిపోయింది.

కారు కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, ముఖానికి జానెడు ఎత్తులో ఉన్న బోల్టును చూశాడు. ఇంజను అడుగున ఆయిల్ ఛాంబరుకు బిరడాలాంటిది అది. దాన్ని విప్పితేనే పాత ఆయిల్ దిగుతుంది. పదిహేడో నంబరు పానా పట్టాల్సిన ఆరు అంచులూ అరిగిపోయి, బోల్టు తల గుండ్రటి బుడిపెలా తయారైంది. కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గర ఆ షెడ్డు రేకులు పొద్దున పదింటికే కాలిపోతున్నాయి.

"ఏమప్పా, వస్తాందా?" బయట స్టూలు మీద కూర్చున్న బసవరాజు అడిగాడు. ఎమ్మిగనూరులో విత్తనాల అంగడి ఆయనది. కారు ఆయనదే.

"వస్తాదిలే సామీ."

"పోయినసారి బిగించింది జయరాజే కదా! ఆయప్ప బిగిస్తే అట్లే ఉంటాది మల్ల."

షెడ్డు యజమాని రంగస్వామి నవ్వాడు. "ఆయప్ప బిగించింది ఇప్పల్లంటే మళ్ళా ఆయప్పే రావల్ల సామీ."

కారు కింద కంబన్న పళ్ళు కొరికాడు. బిగించింది జయరాజ్ కాదు. తనే.

ఇద్దరూ ఈ షెడ్డులో ఒకే ఏడాది చేరారు. కంబన్న కోసిగి పక్క పల్లె నుంచి, జయరాజ్ కడప పక్క నుంచి. ఇరవై ఆరేళ్ళుగా బండి గేటులోకి వచ్చిందంటే, వచ్చినవాళ్ళ మొదటి మాట, "జయరాజ్ ఉండాడా?" లేని రోజున లేడని చెప్పే పని కంబన్నది. జయరాజ్ స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటుంటే పదిమంది చుట్టూ చేరి ఊపిరి బిగబట్టుకుంటారు. కంబన్న కూడా అట్లాగే ఆనించి వింటాడు. "ఏమప్పా, చెవినొప్పా?" అంటారు. అదంతా ఒకెత్తు. ఇంట్లో మిక్సీ ఆగిపోతే కట్టుకున్న భీమమ్మే, "నువ్వు ముట్టుకోవద్దులే, జయరాజన్నను పిల్సకరా" అంది. ఆ రోజు కంబన్న అన్నం తినలేదు. ఎందుకు తినలేదో భీమమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఆరునెలల కిందట ఇదే కారు వచ్చింది. జయరాజ్ భోజనానికి పోయి ఉన్నాడు. కంబన్న ఆయిల్ మార్చి, బోల్టు బిగించి, ఛాంబరు గుడ్డతో తుడిచి, "అయిపాయ సామీ" అన్నాడు. బసవరాజు కదల్లేదు. "ఉండనీలే, ఆయప్ప వచ్చి ఒక చూపు చూసినాకే పోతా" అన్నాడు.

కంబన్న మళ్ళీ కారు కిందికి దూరాడు. పానాకు మూరెడు ఇనుపపైపు తొడిగి, కాలు చక్రానికి తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. బోల్టు మూలిగింది. ఇంకోసారి లాగాడు. 'మళ్ళా వస్తే ఇప్పేది నువ్వే కదరా జయరాజూ. ఇప్పుకో. అందరి ముందరా ఇప్పలేక చెమటలు కార్చు.'

జయరాజ్ వచ్చి, వంగి చూసి, బోల్టు తల మీది కొత్త గీతలను బొటనవేలితో తడిమాడు. కంబన్న ముఖంలోకి చూశాడు. బసవరాజు వైపు తిరిగి, "బాగుండాది సామీ, పోయి రాండి" అన్నాడు. బసవరాజుకు గుర్తున్నది ఆ మాటే.

ఇప్పుడు అదే కారు మళ్ళీ వచ్చింది. జయరాజ్ మూత్రపిండాలు చెడి తొమ్మిది రోజులుగా పెద్దాసుపత్రిలో ఉన్నాడు.

కంబన్న ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. ఇనుము పెచ్చులు లేచింది తప్ప బోల్టు కదల్లేదు. ఇంకా గట్టిగా కొడితే ఛాంబరు పగులుతుంది. పగిలితే కొత్తది తెచ్చి వేయవచ్చు. కానీ 'జయరాజుంటే ఇట్ల అయ్యేది కాదు' అనే మాట చచ్చేదాకా వినాలి.

సుత్తి పక్కన పెట్టాడు. లేచి, కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి తెచ్చాడు.

అది జయరాజ్ పద్ధతి. ఏళ్ళ తరబడి ఓరకంటితో చూసి పట్టుకున్నది. అడిగితే చెప్పేవాడే. అడగడానికే నోరు రాలేదు. బోల్టు చుట్టూ జిడ్డు తుడిచి, గ్యాసుమంట బోల్టు తలకు మాత్రమే తగిలేలా పట్టి ముప్పై లెక్కపెట్టాడు. మంట తీసేసి కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి, అంచు చుట్టూ తిరిగి, మరల్లోకి పీల్చుకుపోయింది. ఆ తర్వాత చెయ్యి పెట్టకూడదు. టీ తాగినంతసేపు ఆగాలి. ఆగాడు. పట్టుకారుతో బోల్టు తలను అదిమి పట్టుకున్నాడు. జయరాజ్ మొదట విప్పే వైపు తిప్పడు. బిగించే వైపే వెంట్రుకవాసి కదిలిస్తాడు.

కంబన్న తన బిగింపును తానే మళ్ళీ బిగించాడు. తర్వాత వెనక్కి తిప్పాడు.

కిర్రుమంది. పావుచుట్టు వచ్చింది, అరచుట్టు వచ్చింది. ఆ తర్వాత వేళ్ళకే వచ్చేసింది. నల్లటి ఆయిల్ మోచేతి దాకా కారింది.

"వచ్చెనా? ఇదే జయరాజయ్యింటే ఎప్పుడో తీసేసుండు" అన్నాడు బసవరాజు, స్టూలు మీంచి లేస్తూ.

కంబన్న కొత్త బోల్టు వేశాడు. పైపు జోలికి పోలేదు. పాతదాన్ని పీచుగుడ్డలో చుట్టి జేబులో వేసుకుని చుట్టూ చూశాడు. రంగస్వామి ఫోనులో ఉన్నాడు. బసవరాజు కారు ఎక్కుతున్నాడు. ఈ అరిగిన తల చూడగానే, దీన్ని తీయడమంటే ఏమిటో తెలిసేవాడు కర్నూలు మొత్తంలో ఒక్కడే, జయరాజ్. అది కూడా కంబన్నకు నచ్చలేదు.

అయినా మధ్యాహ్నం స్కూటరు తీసి పెద్దాసుపత్రి దారి పట్టాడు. ఈ తొమ్మిది రోజుల్లో ఒక్కసారీ పోలేదు. చెప్పాల్సినవి రెండు మాటలు. 'నేనే బిగించినా, నీ మింద కుళ్ళుతో.' 'నేనే తీసినా.' రాజ్‌విహార్ సెంటరు దాకా మొదటిది ముందు చెప్పాలనుకున్నాడు. రాజ్‌విహార్ దాటాక రెండోది ముందైతే మేలనుకున్నాడు. జేబులో ఫోను రెండుసార్లు మోగింది. రంగస్వామి అయ్యుంటాడని ఎత్తలేదు.

వార్డులో మంచం ఖాళీగా ఉంది. పరుపు మడిచి ఉంది.

"పొద్దున పాణం ఇడిసినాడప్పా" అన్నాడు పక్కమంచం ముసలాయన. "ఇంతకుముందే తీస్కపోయినారు, కడప పక్క వాళ్ళూరికి."

కంబన్న మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"శానా మంచోడు. నా మంచం కిర్రుకిర్రుమంటాంటే, చేతికి సూది పెట్టుకోని ఉండి కూడా, చెంచా కాడతో ఈ మర బిగించినాడు. ఇంగ చూస్కో, వార్డులో ఎవురికేం కావాలన్నా ఆయప్పనే పిల్చేది."

 తొమ్మిది రోజుల్లో, ఇక్కడ కూడా జయరాజే. కంబన్న వంగి ఆ మరను చూశాడు. చూపుడువేలితో తిప్పబోయాడు. ఎంత కావాలో అంతే బిగించి ఉంది.

"నువ్వు ఆయప్పకు ఏమైతావు?"

కంబన్న జేబులోంచి గుడ్డ తీసి విప్పి, బోల్టును ముసలాయన అరచేతిలో పెట్టాడు.

"ఏందప్పా ఇది?"

"బోల్టు. నేనే బిగించినా. నేనే తీసినా."

ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిదే" అని తిరిగి ఇచ్చాడు. తర్వాత కిటికీ వైపు చెయ్యి చూపాడు. "అది మర్సిపోయినారు. వాళ్ళింటికి పోతాంటే ఇయ్యి."

కిటికీ గట్టు మీద, ప్లాస్టిక్ మూతలో, సగం అరిగిన నీలం సబ్బుబిళ్ళ. తొమ్మిది రోజులైనా దాని పగుళ్ళ నిండా జయరాజ్ చేతుల నుంచి దిగిన ఇంజను నలుపే ఉంది.