గడియ తీయాలి

మా చెల్లిని ఇంట్లో అందరం రేడియో అనేవాళ్ళం. దాని నోరు ఓ పట్టాన మూతపడేది కాదు. ఏదైనా కావాలంటే చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. నిజంగా ఇళ్ళు కట్టే పని మాత్రం నాకు తగులుకుంది. ఇళ్ళంటే ఇళ్ళు కావు, మడత గదులు. సముద్రం రెండోసారి ఊళ్ళ మీదికొచ్చి ఇక వెనక్కి పోనని కూర్చున్నాక, మిగిలిన జనాన్ని కొండవాలుకి తరలించారు. వాళ్ళు తలదాచుకునే గదులకి నమూనాలు గీసేది నేనే.

గది అంటే నాలుగు పలకలు, ఒక కప్పు. మడిచి లారీలో పేర్చుకోవచ్చు. దారిలో తలుపు తెరుచుకుని ఊగకుండా బయటివైపు ఇనుప గడియ పెట్టాను. పైనుంచి కిందికి పడే రకం. గది నిలబెట్టాక దాంతో పని లేదు, పైగా ప్రమాదం. బయట పడ్డ గడియ లోపలి మనిషికి అందదు కదా. అందుకే పనివాళ్ళకిచ్చే కాగితంలో దాని గురించి ఒక వాక్యం ఉండాలి. మా డైరెక్టరు రాసిన వాక్యం ఇది: "నిర్మాణానంతరం బాహ్య గడియను తొలగించవలెను." ఇదేం భాష, మేస్త్రికి నోరు తిరుగుతుందా అని ఆయనతో ఒక పూటంతా పోట్లాడాను. చివరికి కొట్టేసి నా చేత్తో రాశాను. "గది నిలబెట్టాక బయటి గడియ తీయాలి." గెలిచానని రెండు రోజులు మురిసిపోయాను కూడా.

ఆఫీసు ఆవరణలో పెట్టిన నమూనా గదికి గడియ నేనే విప్పాను. నాలుగు స్క్రూలు, రెండు నిమిషాలు. ఆ గడియ ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంది.

నాలుగు వేల గదులు లేచాయి. పదకొండో వరుసలో ఒకటి మా చెల్లికీ, వరదనీళ్ళు తోడే పంపుల దగ్గర మెకానిక్కుగా చేసే మా మరిదికీ వచ్చింది. మొదట్లో కొందరు తలుపు బందులూ ఇనుప కమ్మీలూ ఊడదీసి వేరే అవసరాలకి వాడుకుంటుంటే, ప్రతి తలుపు మీదా బోర్డు పెట్టించాం. "గదిలో ఏ భాగమూ ఊడదీయరాదు." అదీ నేను రాసిందే.

నెల కిందట చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, నీ గది బాగానే ఉంది గానీ, ఆ బయటి గడియ ఉంది చూడు, గాలి కొడితే దానంతటదే పడిపోతోందే. నిన్న గంటసేపు లోపలే ఉండిపోయా. పక్కగది పిన్నిగారొచ్చి తీసింది."

నేను కప్పు వాలు లెక్క చూసుకుంటూ ఊకొడుతున్నాను. "గడియ తీయాలని కాగితంలో రాశాను కదే. తీయించుకో."

"తీయించుకుంటూనే ఉన్నా తల్లీ, రోజుకి పదిసార్లు," అని నవ్వింది.

నేనూ నవ్వాను. అది చెప్పింది చెవిన పడింది, బుర్రకెక్కలేదు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను. మళ్ళీ చేయలేదు. ఇది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది, వాయించుకున్నాను కూడా. ఒరిగిందేమీ లేదు.

మంగళవారం మధ్యాహ్నం గాలీవానా మొదలైంది. మగవాళ్ళు చాలామంది పంపుల దగ్గరున్నారు. మూడింటికి కొండ మీది చెరువు కట్ట తెగి నీళ్ళు కింది వరుసల మీద పడ్డాయి. మిగతా వరుసల వాళ్ళు ఎలాగో బయటపడ్డారు. గాలికి ఎదురుగా ఉన్న పదకొండో వరుసలో మాత్రం తొమ్మిది తలుపులకి బయట గడియ పడి ఉంది. పక్కగది పిన్నిగారి తలుపుకీ పడే ఉంది. ఇక మా చెల్లికి తలుపు తీసేదెవరు?

మర్నాడు మేస్త్రిని నిలదీశాను. "గడియలు ఎందుకు తీయలేదు?"

"తీశామండీ," అన్నాడాయన. "ఒక్కటీ వదల్లేదు. గది నిలబెట్టడం, గడియ తీయడం, తలుపు తెరిచి లోపల చూపించడం. మీరు రాసిన వరసేగా." బొటనవేలితో పక్కనున్న తలుపు గడియ పైకెత్తి చూపించాడు.

ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరి మీద మండాలి? ఆయన నేను రాసింది రాసినట్టు చేశాడు. డైరెక్టరు రాసిన ఆ తొలగించవలెను బతికుంటే మా చెల్లి బతికేది. తీయడమంటే మన నోట్లో ఎన్ని పనులో. తలుపు తీస్తాం, ఫొటో తీస్తాం, పరువు తీస్తాం, ప్రాణం తీస్తాం. ఇవన్నీ తెలిసే రాశాను.

స్క్రూడ్రైవరు పట్టుకుని ఒకటో వరుస నుంచి మొదలుపెట్టాను. మేస్త్రి మనుషులు ఇంకో వైపు నుంచి వస్తున్నారు. మూడో రోజుకి పదకొండో వరుస చేరాను. మా మరిది గడప మీద కూర్చున్నాడు, పక్కన పనిముట్ల సంచి. లోపల గోడకి తలెత్తు దాకా బురద మరక. నేను వంగి నాలుగు స్క్రూలూ విప్పాను. గడియ చేతిలోకి వచ్చేసింది.

"అంతేనా వదినా?" అన్నాడు.

"అంతే."

"నా సంచిలో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. వచ్చిన మొదటి వారమే పీకి పారేద్దామన్నాను. తనే ఒప్పుకోలేదు." తలెత్తి తలుపు మీది బోర్డు చూశాడు. "ఊడదీయొద్దని మా అక్కే రాసింది, సొంత చెల్లెలినయ్యుండి నేనే పీకేస్తే అక్క పరువు తీసినట్టవుతుంది అంది."