తోడికోడలి నవ్వు

రతీబా సంచిలో తెల్లగుడ్డ పెట్టి, జపమాల తెచ్చుకోవడానికి లోపలి గదిలోకి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోగా బదరియా ఆ గుడ్డ తీసి దిండు కింద దాచింది.

"ఏమే, ఇక్కడ పెట్టిన గుడ్డేదీ?"

"ఏ గుడ్డ?"

"నా కఫన్ గుడ్డ."

"ఏమో మరి. చచ్చాక చుట్టుకునే గుడ్డ కదా, దానికి నీకంటే తొందరెక్కువున్నట్టుంది. ముందే బయల్దేరి పోయిందేమో."

రతీబా దిండెత్తి, గుడ్డ తీసి, మళ్ళీ సంచిలో పెట్టి, దాని మీద రెండు జతల బట్టలు పెట్టి, ఆపైన ఎండిన రొట్టెల మూట పెట్టింది. పొద్దున్నుంచీ వాళ్ళిద్దరికీ ఇదే పని. ఒకామె పెడుతుంది, ఒకామె తీస్తుంది.

హజ్‌కు వెళ్ళే ముసలివాళ్ళు కఫన్ వెంట తీసుకువెళ్ళడం ఆ ఊళ్ళో కొత్తేమీ కాదు. మక్కాలో జంజం బావి నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, ఇంటికి తెచ్చుకుని పెట్టె అడుగున దాచుకుంటారు. ఎదురింటి ముసలాయన అలా తెచ్చుకుని పద్దెనిమిదేళ్ళయింది. ఆ గుడ్డకు చిమటలు పట్టాయి గాని ఆయనకు జలుబు కూడా పట్టలేదు. ఈ సంగతి బదరియాకు తెలుసు. తెలిస్తే మాత్రం గుండె ఊరుకుంటుందా?

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. అన్నదమ్ములిద్దరూ ఎప్పుడో పోయి, నైలు కాలవ అవతల ఇసుక దిబ్బలో పక్కపక్కనే పడుకున్నారు. వీళ్ళు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఒకే గిన్నె అంచులు చెరోవైపు పట్టుకుని మిగిలిపోయారు. రతీబాకు డెబ్భై దాటాయి. బదరియా ఆమె కంటే నాలుగైదేళ్ళు చిన్నది. పళ్ళు మాత్రం ముందు ఈవిడకే ఊడాయి. అందుకూ రతీబా దగ్గర ఒక సమాధానం ఉంది. "మంచిదేలేవే, నువ్వు కొరకలేవు గనక నేను మెత్తగా వండుతున్నాను, నా కడుపూ చల్లగా ఉంటోంది. దేవుడు ఏం చేసినా ఊరికే చెయ్యడు."

అదీ రతీబా జబ్బు. ఏ కష్టాన్ని చేతిలో పెట్టినా, పప్పులో రాయి ఏరినట్టు కాదు, రాళ్ళలో పప్పు ఏరినట్టు అందులోంచి దేవుడి దయను ఏరి చూపిస్తుంది.

"ఆనకట్ట కట్టకముందు వచ్చిన ఆ వరదలో మా వేరుకాపురం ఇల్లు కూలబట్టే కదా మళ్ళీ మీ ఇంటికొచ్చాను" అనేది.

"నన్నూ నిన్నూ ఒకచోట చేర్చడానికి దేవుడు నైలు నదంతా పొంగించాలా అక్కా? ఎవరితోనైనా కబురంపితే నేనే వచ్చి పిలిచేదాన్నిగా."

"నువ్వు పిలిచేదానివి కావు."

బదరియా కాసేపు ఆలోచించేది. "అదీ నిజమేలే."

కానీ ఒక్క విషయంలో మాత్రం బదరియా వేళాకోళం నోట్లోనే ఆగిపోయేది. రతీబాకు పుట్టింది ఒక్కడే మగపిల్లాడు. పేరు పెట్టే ఏడో రోజు రాకముందే పోయాడు. అదే నెలలో బదరియాకు హసీబ్ పుట్టాడు. బాలింత జ్వరంతో ఆమెకు పాలు ఎండిపోయాయి. అప్పుడు రతీబా ఎవరూ అడక్కుండానే వచ్చి, తడి కళ్ళతో, తడిసిన రవికెతో, ఆ పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. రెండేళ్ళు పాలిచ్చింది.

ఆ పాలు నలభై ఏళ్ళ తరవాత ఇప్పుడు అక్కరకొచ్చాయి. ఏటా హజ్ చీట్లలో రతీబా పేరు రాక రాక ఈ ఏడు వచ్చింది. మసీదు పెద్ద రద్వాన్ గారు మాత్రం గడ్డం నిమురుకుంటూ అడ్డుపుల్ల వేశారు. ఆడమనిషి వెంట భర్తో, కొడుకో, తమ్ముడో ఉండాలన్నారు. మరిది కొడుకు పనికిరాడన్నారు. అంతలో ఆయనకే గుర్తొచ్చింది. "ఆగాగు, హసీబ్ నీ పాలు తాగాడు కదమ్మా? అయితే వాడు నీ కొడుకే. నిక్షేపంలా తీసుకెళ్ళచ్చు."

ఆ రోజు ఇంటికొచ్చి రతీబా గడప మీదే కూలబడింది. "చూశావా బదరియా? నా పసివాడు పోయినప్పుడు, దేవుడా ఎందుకిలా చేశావని నేల గుద్దుకుని అడిగాను. ఇన్నేళ్ళకి జవాబు చెప్పాడు."

బదరియా లోపలికెళ్ళి టీ పెట్టింది. చక్కెర వెయ్యడం మర్చిపోయింది.

చక్కెర మిల్లులో పనిచేసే హసీబ్ సెలవు పెట్టాడు. సఫాగా రేవుకు తీసుకువెళ్ళే బస్సు ఈ రోజు మధ్యాహ్నం ఊళ్ళోకి వస్తుంది. అక్కణ్ణుంచి ఓడ. అంతా సిద్ధం. ఒక్కటే మిగిలింది.

హజ్‌కు వెళ్ళేవాళ్ళు బయల్దేరేముందు ఇంటింటికీ తిరిగి, "తెలిసో తెలియకో నొప్పించి ఉంటే క్షమించండి" అని అడగాలి. నొచ్చుకున్నవాళ్ళు నోరారా క్షమించామనకపోతే ఆ యాత్ర కుంటిదే. రతీబా వారం రోజులుగా ఊరంతా తిరిగింది. ఎప్పుడో తన కోడిని అదిలించిందని అలిగిన కుమ్మరి ముసలమ్మ దగ్గర కూడా ఆ మాట తెచ్చుకుంది. ఒక్క బదరియానే ఇవ్వలేదు.

"నేను క్షమించను" అంది బదరియా, మొదటి రోజే.

"దేనికే?"

"నవ్వినందుకు."

ఆ నవ్వు యాభై ఏళ్ళ నాటిది. పెళ్ళయి నెల తిరక్కముందు బదరియా రొట్టెల పిండి ముద్దలు మట్టి పలకల మీద పెట్టి, పొంగడానికి ఎండలో ఉంచి, కాపలా కూర్చుని కునికింది. ఊళ్ళో పావురాలన్నీ పెళ్ళి విందుకొచ్చినట్టు దిగాయి. అత్తగారు చీపురు తిరగేసి రెండు అంటించింది. పొయ్యి దగ్గర కూర్చున్న రతీబా కిసుక్కున నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకే ఏడుపన్నారు పెద్దలు. బదరియా ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మాత్రం రెండు పూటలదీ కలిపి తినేసింది. తరవాత ఆ సంగతే మర్చిపోయింది. ఇప్పుడు వారం క్రితం, ఇల్లంతా వెతికి వెతికి, ఆ నవ్వును బయటికి లాగింది.

ఎందుకు లాగిందో ఎవరికీ చెప్పలేదు. బదరియాకు తనదంటూ ఒక లెక్క ఉంది. ఆమె నాన్న సూయజ్ కాలవ పూడిక తీసే పనికి వెళ్ళేముందు వాకిట్లో అందర్నీ కావలించుకుని, అందరి దగ్గరా మాట తెచ్చుకుని, తేలిగ్గా వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆమె మొగుడు ఆనకట్ట పనికి వెళ్తూ, ఎప్పుడూ లేనిది, ఆమె చేతి వంటను మెచ్చుకుని వెళ్ళాడు. తోటి కూలీలు ఆయన్ని శవంగా మోసుకొచ్చారు. పక్కింటి కతామిష్ మాత్రం మేక విషయంలో తమ్ముడితో జుట్టూ జుట్టూ పట్టుకుని, "వచ్చి నీ అంతు తేలుస్తా" అని తిట్టుకుంటూ లిబియా పోయాడు. మూడు నెలల్లో గుండ్రాయిలా తిరిగొచ్చాడు, ఆ అంతు తేల్చడానికి. అంచేత తగవు తెగ్గొట్టుకుని వెళ్ళినవాళ్ళు వెళ్ళిపోతారు. తగవు మిగుల్చుకున్నవాళ్ళే తిరిగొస్తారు. అక్క తిరిగి రావాలంటే ఒక్క తగవైనా ఇక్కడ గుంజకు కట్టి ఉంచాలి.

మధ్యాహ్నమైంది. వాకిట్లో ఆడవాళ్ళు డప్పు వాయిస్తూ యాత్ర పాటలు అందుకున్నారు. రతీబా సంచి తాడు బిగించి, బదరియా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ఆఖరిసారి అడుగుతున్నానే. క్షమించు."

"తిరిగొచ్చాక క్షమిస్తా."

"తిరిగొచ్చాక నాకెందుకే? అక్కడ దేవుడి ముందు నిలబడేటప్పుడు కావాలి."

"దేవుడికి నేను చెప్పుకుంటాలే, ఇది మా ఇద్దరి మధ్య అని."

రతీబా ఆమె ముఖంలోకి చూసింది. తరవాత నెమ్మదిగా సంచి తాడు విప్పింది. రొట్టెల మూట తీసి పక్కన పెట్టింది. బట్టలు తీసింది.

"ఏం చేస్తున్నావు?"

"కనపట్టంలా? సర్దింది తీసేస్తున్నాను. కుంటి యాత్ర చేసే బదులు ఇంట్లో కూర్చోవడం నయం. దేవుడు నన్ను ఇక్కడే ఉండమంటున్నట్టుంది. ఇందులోనూ ఏదో మేలుండే ఉంటుందిలే."

ఆ గొంతులో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. అదే బదరియాను తినేసింది. కొట్లాడితే రెండు కలిపి తిట్టేది. ఏడిస్తే తనూ ఏడ్చేది. ఈమె అలా వెతుక్కుంటూ కూర్చుంది, చేతిలో తెల్లగుడ్డ పట్టుకుని, ఈ కష్టంలో దేవుడు దయ ఎక్కడ పెట్టాడా అని. ఇన్నేళ్ళూ నేల గుద్దుకుని అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును, తోడికోడలి మొండితనం కోసం మడతపెట్టి పెట్టెలో వేసేస్తోంది.

బదరియా కోరుకున్నదే జరిగింది. అక్క ఎక్కడికీ వెళ్ళదు. రేపూ పొయ్యి దగ్గర ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. సంతోషించాలి కదా?

వీధి మొదట్లో బస్సు హారన్ కొట్టింది.

"పెద్దమ్మా! బస్సొచ్చింది!" హసీబ్ గుమ్మంలోకి వచ్చి, చాప నిండా పరిచి ఉన్న సామాను చూసి నోరు తెరిచాడు. "ఇదేంటి? మీరిద్దరూ సంత పెట్టారా?"

"నోరు ముయ్యరా" అంది బదరియా. లేచి, రతీబా చేతిలోంచి తెల్లగుడ్డ లాక్కుంది. ఈసారి దిండు కింద దాచలేదు. సంచి అడుగున పెట్టి, బట్టలు కుక్కి, రొట్టెలు కుక్కి, మోకాలు ఆనించి తాడు బిగించింది. "పట్టుకెళ్ళు దీన్ని. మీ పెద్దమ్మనీ పట్టుకెళ్ళు. నాకు ఇద్దరి గోలా పడదు."

"మరి మాట?" అంది రతీబా.

"ముందు బస్సెక్కు."

రతీబాను ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. డప్పు జోరందుకుంది. బదరియా వాకిట్లోనే నిలబడింది, కాళ్ళు నేలలో పాతేసినట్టు. బస్సు కదిలింది. అప్పుడు పరిగెత్తింది. చెప్పు ఒకటి దుమ్ములో ఉండిపోయింది. కిటికీ చువ్వ పట్టుకుని, ఊరంతా వినేలా అరిచింది.

"క్షమించానే! అక్కా, విన్నావా? క్షమించాను! ఆ నవ్వు నీకు వదిలేశాను!"

ఒంటి చెప్పుతో, జారిన ముసుగుతో, బోసినోటితో బస్సు వెంట పరిగెత్తే ముసలిదాన్ని చూసి రతీబా ఆపుకోలేకపోయింది. కిసుక్కున నవ్వింది. సరిగ్గా ఆనాటి నవ్వే.

"ఇదిగో, మళ్ళీ!" బదరియా చువ్వ వదలకుండానే ఆయాసపడింది. "ఆ నవ్వుకే క్షమించాను. దీనికి కాదు! దీని సంగతి తిరిగొచ్చాక తేలుస్తా!"

బస్సు మలుపు తిరిగేదాకా ఆ నవ్వు కనిపిస్తూనే ఉంది. బదరియా చెప్పు వెతుక్కుంటూ, హమ్మయ్య అనుకుంది. పాతది తెగినా కొత్తది మిగిలింది.

యాత్రకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేలోగా ఇంటి గోడ మీద బొమ్మలు వేయించడం ఊరి ఆనవాయితీ. సున్నం వేసి, బొమ్మలు గీసే జనాతీని పిలిపించింది బదరియా. అతను కాబా గీశాడు, ఒంటె గీశాడు, తన చెయ్యి తిరిగిన పని గనక విమానం మొదలుపెట్టాడు.

"విమానమెందుకయ్యా? ఓడలో వెళ్ళింది."

"విమానమైతే అందంగా ఉంటుంది పిన్నీ."

"అందం సంగతి తరవాత. ఓడలో వెళ్ళినామె విమానంలో ఎలా తిరిగొస్తుంది? తుడిచెయ్."

అతను తుడిచి ఓడ గీశాడు. అన్ని గోడల మీదా ఉన్నట్టే ముక్కు కాబా వైపు పెట్టి గీశాడు. బదరియా అదీ ఒప్పుకోలేదు. ముక్కు ఇంటి గుమ్మం వైపు తిప్పించేదాకా అతనికి టీ పొయ్యలేదు. దారినపోయేవాళ్ళు చూసి, "ఏం బదరియా, మీ ఓడ హజ్ చెయ్యకుండానే వెనక్కొచ్చేస్తోందే" అని నవ్వారు. "చేసే వస్తోంది. మీకు కళ్ళు లేవు" అంది.

బస్సు తిరిగొచ్చిన రోజు హసీబ్ ఒక్కడే దిగాడు. భుజాన సంచి ఉంది. బదరియా సంచి తీసుకుని, వాకిట్లోనే తాడు విప్పి, అడుగుదాకా చెయ్యి పెట్టి చూసింది. తెల్లగుడ్డ లేదు. ఈసారి దాన్ని ఎవరూ దాచలేదు.

"అమ్మా" హసీబ్ పక్కన కూర్చున్నాడు. "అన్నీ పూర్తి చేసుకుంది. కాబా చుట్టూ తిరుగుతున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది. తర్వాత రెండ్రోజులు జ్వరం. నీకో మాట చెప్పమంది."

"ఏమని?"

"ఆ రెండో నవ్వుకి క్షమాపణ అడగదట. అట్టేపెట్టుకుంటుందట. తగవు మిగిల్తేనే కదా మళ్ళీ కలిసేది, మీ అమ్మ లెక్క నాకు తెలీదనుకుందా, అంది. దాని అంతు తేల్చుకోవాలంటే ఈసారి నిన్నే అక్కడికి రమ్మంది. తొందరేం లేదంది."

బదరియా గోడ మీది ఓడ వైపు తిరిగింది. తన లెక్క అక్కకు మొదటినుంచీ తెలుసన్నమాట. తెలిసే చాప మీద కూర్చుని సామాను తీసింది. తెలిసే నవ్వింది.

"ముసల్ది" అంది, ముక్కు ముసుగు అంచుతో తుడుచుకుంటూ. "తాడు కొస అటువైపు పట్టుకుపోయింది చూడరా." తనకు అలవాటు లేని మాటలను ఒక్కొక్కటే కూడదీసుకుని అంది. "ఇందులోనూ... ఆయన ఏదో మేలు చేసే ఉంటాడులే."

ఆ తరవాత లేచి, కొడుక్కి టీ పెట్టింది. చక్కెర వేసింది.

రతీబా తిరిగి రాలేదు. ఆ ఏడు బక్రీదు వెళ్ళిన ఐదో రోజున, శుక్రవారం పూట, మక్కాలో చనిపోయింది.