నాలుగో కుర్చీ

"...నిలవడి ఎట్ల రాస్తవ్, సాయమ్మా? కుర్చీ గుంజుకొని కూసో బిడ్డా. మామ ముందట కోడలు కూసునుడేంది అని బెదురుతున్నవ్, నాకెరుకే. నేను చెప్పేది గదే ముచ్చట. మెల్లగ చెప్త, మెల్లగ రాయి. నేను మాట్లాడినట్టు రాయకు. నీ బిడ్డ రాధ సదువుకున్న పిల్ల, పుస్తకాలల్ల ఉన్నట్టు సాఫ్‌గ రాయి. ఎవలు ఏమన్నరో గా మాటలు మాత్రం అన్నట్టే పెట్టు. కూసున్నవా? ఆ, రాయి."

మా అక్క రాజవ్వ కోరుట్లలో ఆ ఇంటి కోడలిగా ఉన్నన్నాళ్లూ కుర్చీలు తుడిచింది. కూర్చోలేదు. పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని వరండాలోని కుర్చీలన్నిటి చేతులూ కాళ్లూ తుడవడం ఆమె మొదటి పని. ఆ తర్వాత వాళ్ల మామ భూమయ్య వచ్చి పెద్ద కుర్చీలో కూర్చుని దగ్గేవాడు. ఆ దగ్గుల్లో తేడాలుండేవి. ఒక దగ్గుకు చాయ్ తేవాలి, ఒక దగ్గుకు చెంబుతో నీళ్లు తేవాలి. ఇంకో దగ్గుకు ఏమీ తేనక్కరలేదు, ఆయన వస్తున్నాడని తెలిసి కోడలు లేచి నిలబడితే చాలు. అన్నం తింటున్నప్పుడు ఆ దగ్గు వినబడితే చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయేదట, మోకాళ్లు వాటంతట అవే లేచేవట. "నేను లేస్తలేను ఓదెలూ, నా మోకాళ్లు లేస్తున్నయ్" అని నాతో అంది ఒకసారి. కోరుట్లలో కాదు, హైదరాబాదులో. కోరుట్లలో అలాంటి మాటలు అనేది కాదు.

ఆమె ఎమ్మెల్యే అయింది కూడా ఆ వరండాలోనే. మా బావ దశరథం రోడ్ల కాంట్రాక్టులు చేసేవాడు, టికెట్ తనకే అనుకున్నాడు. ఇంతలో అడవి నుంచి నక్సలైట్ అన్నల మాట వచ్చింది, నిలబడితే బతకవని. పార్టీ వాళ్లు వరండాలో కూర్చుని తలలు పట్టుకున్నారు. వాళ్లలో ఒకాయన అన్నాడు: "వదినెను నిలవెడుదాం దశరథం. ఆడిమనిషిని అన్నలు ఏమనరు." భూమయ్య దగ్గాడు. అక్క చాయ్ తెచ్చింది. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి ఆమె అభ్యర్థి అయిపోయింది. ఇష్టమా అని ఆమెను ఎవరూ అడగలేదు. అన్నలు ఏమీ అనకపోవచ్చు, ఒకవేళ అంటే ఏమిటన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఆమెకూ ఒక ప్రాణం ఉందని ఆ వరండాలో ఒక్కరికీ తట్టలేదు.

నేనప్పుడు సిరిసిల్లలో సాంచల మీద గుడ్డ నేసేవాణ్ని. అక్క గెలిచిన వారానికి బావ వచ్చాడు. "నువ్వు పట్నం పో ఓదెలు. మీ అక్కకు వండిపెట్టు. ఎవలొస్తుండ్రు ఎవలు పోతుండ్రు నాకు ఫోన్ కొట్టు." నేను వెళ్లాను. వండిపెట్టాను. ఫోన్ సంగతి మరిచిపోయినట్టే ఉన్నాను.

ఎమ్మెల్యే క్వార్టర్లో మొదటి రోజు నేను అన్నం వడ్డించి పక్కన నిలబడ్డాను. అక్క ముద్ద కలిపి నోట్లో పెట్టుకోలేకపోయింది. "కూసో తమ్మీ. వండినోళ్లు నిలవడి చూస్తుంటె గొంతు దిగుతలేదు" అంది. మళ్లీ తనే అంది, "మరి గిన్నేండ్లు వాళ్లకెట్ల దిగింది?"

అసెంబ్లీలో ఆమె చేసిన మొదటి పని ఒక తప్పు. అక్కడ ముందు నోటితో అవును, కాదు అనిపిస్తారు. తేలకపోతే లేపి నిలబెట్టి లెక్కపెడతారు. ఆ రోజు ఏదో బిల్లు. ఎదుటి పార్టీ వాళ్లు లేచినప్పుడు మనం కదలకుండా కూర్చోవాలని వీళ్ల పార్టీ వాళ్లు గట్టిగా చెప్పారు. ఎదుటి పార్టీలో ఒక ముసలాయన ఉండేవాడు, బావ వాళ్లకు చుట్టరికం, అక్కకు మామ వరుస. ఆయన లేచి, పంచె సర్దుకుంటూ ఇటు తిరిగి దగ్గాడు. అక్క కొంగు నెత్తిమీదికి లాక్కుని లేచి నిలబడింది. లెక్కపెట్టేవాడు ఆమెనూ వాళ్లలో కలిపి రాసుకున్నాడు. సభంతా నవ్వింది. బిల్లుకేమీ కాలేదు గానీ అక్క పరువు పోయింది. ఆ సాయంత్రం బావ ఫోన్లో అరిచిన అరుపు వంటింట్లో ఉన్న నాకు వినబడింది. "కూసునుడు సుత రాదానె నీకు? గొర్రెకైన చెప్తె సమజైతది!"

కూర్చోవడం కూడా రాదా. ఆ మాట ఆమెను చాలా రోజులు తొలిచింది. నిజమే కదా, ఎవరు నేర్పారు, ఎప్పుడు నేర్చుకుంది, పుట్టింట్లో తండ్రి ముందు నిలబడింది, అత్తింట్లో మామ ముందు నిలబడింది, పెళ్లిచూపుల్లో ఒక్కసారి చాప మీద కూర్చోబెట్టారు, అదీ తల వంచుకుని. ఇప్పుడు ఇంత మెత్తటి కుర్చీ ఇచ్చి, మైకు ఇచ్చి, కూర్చోలేదని నవ్వుతున్నారు.

తర్వాత ఆమెను అర్జీల కమిటీలో వేశారు. ఎవరికీ అక్కరలేని కమిటీ అది. జనం సభకు పెట్టుకున్న అర్జీలు వినడం దాని పని. చైర్మన్ దేవదాస్ గారు పెద్దాయన, ఓపికగా మాట్లాడేవాడు. అక్క మొదటి రోజే అడిగింది, గీ కమిటీల నేను చేసేదేంది సార్ అని.

"కూసునుడేనమ్మా," అన్నాడాయన. "నలుగురం కూసుంటెనె ఇది కమిటీ. ఎదుటి మనిషి చెప్పేది సాక్ష్యమైతది, రాసి సభ ముందట పెడ్తం. ముగ్గురమే ఉంటె అది ఉట్టి ముచ్చట. ఎవలూ రాసుకోరు."

ఆ ఏడే లసుమవ్వ కోరుట్ల వచ్చింది. రుద్రంగి దగ్గర పల్లె ఆమెది. నాట్ల ముందు విత్తనాలకని బజారుకు వెళ్లిన కొడుకును పోలీసులు జీపులో ఎక్కించుకుపోయారు, మళ్లీ రాలేదు. ఎక్కడ అడిగినా మాకు తెలియదన్నారు. ఆమె వరండా మెట్లు ఎక్కలేదు. గేటు దగ్గరే నిలబడి అక్కతో అంది: "నా కొడుకును తెచ్చియ్యమంటలేను బిడ్డా. తోలుకపోయినం అని ఒక్క మాట ఒప్పుకోమను. నాకు కొడుకే లేనట్టు మాట్లాడుతుండ్రు."

అక్క ఆ అర్జీని సభలో పెట్టింది. అర్జీ కమిటీకి వచ్చింది. ముసలిది పట్నం రాలేదు కాబట్టి కమిటీయే జగిత్యాల వచ్చి గెస్ట్ హౌస్‌లో వింటుందని దేవదాస్ గారు తేదీ వేశారు. అసెంబ్లీ రద్దవుతుందని అప్పటికే పేపర్లలో వస్తోంది. రద్దయితే వినని అర్జీలన్నీ దానితోపాటే పోతాయి. లసుమవ్వకు ఆ ఒక్క రోజే ఉంది.

ముందు రోజు మేము కోరుట్లకు చేరేసరికి పొద్దు గూకుతోంది. వరండాలో ఒక పోలీసు ఆఫీసరు చాయ్ తాగి లేచి వెళ్తున్నాడు. అక్కకు నవ్వుతూ నమస్కారం పెట్టాడు.

ఆయన జీపు మలుపు తిరిగాక బావ అన్నాడు: "రేపటికి కమిటీల నలుగురే అస్తుండ్రట. మిగిలినోళ్లకు భయమైంది. నువ్వు లేస్తె ముగ్గురు."

అక్క ఖాళీ చాయ్ గ్లాసు అందుకుంది.

"రానని చెప్తె పేపర్ల రాస్తరు. అందుకని పో, కూసో. ముసల్ది సురు చేసినంక బాపు అస్తడు. బాపు దగ్గంగనె లేసి బయటికి రా. ఇంట్ల పానం బాగలేదని తోలుకపోతం. ఆడిమనిషి ఇంటి పనికి లేసిందంటె ఎవలేమనుకోరు." బావ గొంతు తగ్గించాడు. "లేకుంటె పోలీసోళ్లు ధర్మపురి తొవ్వల నా రోడ్డు పని ఆపుతరట. నాకేమన్న అయితె మాకు తెల్వదంటరట. సమజైందా?"

అప్పుడు అక్క ఒక్క మాట అడిగింది. "అన్నలు గూడ చెప్పి పంపిండ్రు, సర్కారు జీపుల తిరిగేటోళ్లు సర్కారు మనుషులేనని. నాకేమన్న అయితె?"

బావ ఆమె వైపు కొత్తగా చూశాడు. "నీకేమైతది?" అన్నాడు.

ఆ రాత్రి అక్క బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది. ఆమె లోపల ఏం నడిచిందో ఆ తర్వాత నాకు ఎన్నిసార్లో చెప్పింది, అందుకే చెప్పగలుగుతున్నాను. వీధిలో మోటార్ సైకిల్ చప్పుడైతే ఏరే చెయ్యి ఆగేదట. ఖాకీ వాళ్లో అడవి వాళ్లో తెలియదు, ఎవరైనా తలుపు ఒకేలా కొడతారు. కానీ తుపాకీ చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు, మామ దగ్గు రోజూ వింది. చావు అంటే ఎట్లా ఉంటుందో ఊహకు అందలేదు, రేపు ఆ దగ్గు వినబడ్డాక కూర్చునే ఉండడం ఎట్లా ఉంటుందో మాత్రం ఒళ్లంతా తెలిసిందట. లేస్తే ఎంత సులువు! ఎవరూ తప్పు పట్టరు, మర్యాద తెలిసిన కోడలంటారు. వాళ్లు ఆమెను బెదిరించనక్కరలేదు, కొట్టనక్కరలేదు, ఒక ముసలాయన దగ్గితే చాలు. నా మోకాళ్లు వీళ్లకు ఎంత బాగా తెలుసు, అనుకుందట. నాకంటే వీళ్లకే బాగా తెలుసు.

తెల్లారి గెస్ట్ హౌస్ గదిలో బల్ల వెనక నాలుగు కుర్చీల్లో నలుగురు కూర్చున్నారు. నాలుగో కుర్చీ అక్కది. నేను వరండాలో, తెరిచిన తలుపు పక్కనే ఉన్నాను. నిన్నటి ఆఫీసరు కొంచెం దూరంలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. లసుమవ్వకు కుర్చీ వేశారు. ఆమె దాని పక్కనే నేల మీద చతికిలబడింది.

"మీద కూసో అవ్వా," అన్నారు దేవదాస్ గారు.

"కిందనే మంచిగున్నది దొరా. పడేది లేదు."

ఆమె మొదలుపెట్టింది. విత్తనాల సంచి ఏ రంగుదో చెప్పింది. జీపు ముందు సీట్లో కూర్చున్నవాడి ముఖం ఎట్లా ఉందో చెప్పింది. పేరు చెప్పబోయింది.

అప్పుడు మెట్ల మీద కర్ర చప్పుడైంది. భూమయ్య వచ్చి తలుపు ముందు నిలబడి దగ్గాడు.

తెలిసిన దగ్గే. తిండి మధ్యలో లేపే దగ్గు. లసుమవ్వ ఆగిపోయింది. అక్క చెయ్యి కొంగు మీదికి వెళ్లింది. కొంగు నెత్తి మీదికి వచ్చింది. రెండు చేతులూ బల్ల మీద ఆనాయి, భుజాలు ముందుకు వంగాయి, కుర్చీ కిర్రుమంది. లేస్తోంది అనుకున్నాను. స్తంభం దగ్గరి ఆఫీసరు టోపీ సర్దుకున్నాడు.

భూమయ్య మళ్లీ దగ్గాడు.

అక్క చేతులు బల్ల మీది నుంచి జారి కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. వాగులో కొట్టుకుపోయే మనిషి చెట్టుకొమ్మను పట్టుకున్నట్టు పట్టుకుంది. కొంగు కింది నుంచి వచ్చిన గొంతు నేను పోల్చుకోలేకపోయాను.

"మామా, బయట కుర్చీ ఉన్నది, కూసోండ్రి. అవ్వ చెప్పుడు అయిపోయేదాక నేను లేవ."

భూమయ్యకు ఆ మాట అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. కర్ర పైకెత్తాడు, ఎవరిని కొట్టాలో తెలియనట్టు దించాడు. దేవదాస్ గారు మాత్రం కాగితం మీది నుంచి తల ఎత్తకుండానే అన్నారు, "పేరు చెప్పు అవ్వా. నలుగురం ఉన్నం."

లసుమవ్వ పేరు చెప్పింది. రాశారు.

ఆ సాక్ష్యం సభ ముందుకు వెళ్లింది. ఆ తర్వాత సభ రద్దయింది. లసుమవ్వ కొడుకు రాలేదు. కానీ వాణ్ని జీపులో తీసుకుపోయారని సర్కారు అచ్చు వేసిన కాగితంలో ఉంది, ఆ కాగితం చుట్టచుట్టి ఆమె చచ్చేదాకా దూలం సందులో పెట్టుకుంది. బావను ఎవరూ ఏమీ చేయలేదు, పని మాత్రం పోయింది. ఆ కోపం ఆయన బతికినంతకాలం అక్క మీదే తీర్చుకున్నాడు. భూమయ్య మళ్లీ ఆమె చేతి నీళ్లు ముట్టలేదు. "ఒక దగ్గుకు లేసుడు తప్పింది" అని అక్క నవ్వేది. ఆ మర్నాటి నుంచి కుర్చీలు తుడిచాక వాటిలో ఒకదాని మీద కూర్చుని చాయ్ తాగేది. ధైర్యం వచ్చిందని అందరూ అన్నారు. నాకు తెలుసు, రాలేదు. కూర్చున్న ప్రతిసారీ చీర కింద ఆమె మోకాళ్లు వణికేవి. వణుకుతూనే కూర్చునేది.

"అయిపాయె సాయమ్మా. ఇగ నీ బిడ్డ ముచ్చట. వెల్గటూర్ దిక్కు ఊరికి సర్పంచ్ అయిందని సంబురపడ్డం. మొన్న నువ్వు ఫోన్ల ఫోటో చూపెట్టినవ్. సర్పంచ్ కుర్చీల అల్లుడు కూసున్నడు. రాధ పక్కపొంటి చాయ్ గ్లాసులు పట్టుకొని నిలవడ్డది. నువ్వు నవ్వినవ్, నాకు నిద్ర పట్టలే. సోమవారం మల్ల పంచాయితి బైఠక్ అంటున్నవ్ గద. గీ కాయితం అప్పటిలోపు రాధకు చదివి వినిపియ్యి. అల్లుడు ఇంట్ల లేనప్పుడు ఫోన్ చెయ్యి. ముందుగాల ఒక్కటడుగు, కూసున్నవా బిడ్డా అని. నిలవడి ఉన్ననంటె, ఆగు. కూసున్నంకనే చదువు."