ఏసోబు చోటికి ఎవరూ వెళ్లరు

ఏసోబు భార్య సువర్ణను గేటు బయట ఎండలో నిలబెట్టారు. మేం లోపలి నుంచి చూస్తూనే ఉన్నాం.

తాడేపల్లిగూడెం ఊరి చివర అమరేశ్వరరావు ట్రేడ్ టెస్టు షెడ్డు అది. గల్ఫ్ కంపెనీకి వెల్డర్లను ఏరి పంపడం అతని వ్యాపారం. భీమడోలు, ఉండి, కొల్లేటి లంకల నుంచి ఆ రోజు మేం టెస్టుకొచ్చాం. ఏసోబూ ఈ షెడ్డు నుంచే గల్ఫ్‌కు వెళ్లాడు. అక్కడ చనిపోయి నెల దాటినా శవం రాలేదు. అడుగుదామని సువర్ణ తన అత్తగారు కనకమ్మను వెంటబెట్టుకుని దెందులూరు నుంచి బస్సెక్కి వచ్చింది.

అమరేశ్వరరావు మర్యాదస్థుడు. గేటు దాకా వచ్చే మాట్లాడాడు.

"అక్కడ రూలు మారిందండీ అమ్మా. చనిపోయేనాటికి మీ ఆయనకి ఆ దేశంలో ఉండే హక్కే లేదు. గవర్నమెంటు లెక్కలో ఆయనక్కడ లేడండీ. లేని మనిషిని నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

"సచ్చిపోయాడు కదండీ," అంది సువర్ణ. "సచ్చినోడు ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ."

అతను గేటు వేయించి, టిఫిన్లు కానిచ్చి మెషిన్ల దగ్గరికి రమ్మని మాకు చెప్పి వెళ్లిపోయాడు.

అప్పుడు బయట సువర్ణ పక్కనున్న ఆనంద్ పాల్ గేటు ఊచల దగ్గరికి మమ్మల్ని పిలిచాడు. ఏసోబుతో ఒకే క్యాంపులో ఉండి, కంపెనీ వెళ్లగొడితే తిరిగొచ్చినవాడు. జరిగిందంతా చెప్పాడు. ఇదివరకు పనితనం ఉన్నవాడికి ఆ దేశం ఇచ్చే నివాస కార్డు ఆ పనివాడి చేతిలోనే ఉండేది. ఒక కంపెనీ మానేసినా ఇంకో కంపెనీ చూసుకునేవాడు. ఈ ఏడు ఆ కార్డును కంపెనీ చేతిలో పెట్టారు. కంపెనీ వద్దన్న రోజు నుంచి మనిషి దొంగే. గాలాడని ఆయిలు ట్యాంకులోకి దిగి వెల్డింగు చెయ్యనన్నాడని ఏసోబు కార్డు రద్దు చేశారు. ఇంటికి రావాలన్నా కంపెనీ సంతకం కావాలి, అదీ పెట్టలేదు. జ్వరమొచ్చి నెత్తురు కక్కుతుంటే తోటివాళ్లు మోసుకెళ్లారు. ఆసుపత్రి గుమ్మంలో కార్డు అడిగారు. ఇంకో ఆసుపత్రిలోనూ అదే అడిగారు. మూడోదానికి తీసుకెళ్తుంటే దారిలో పోయాడు. క్యాంపంతా పని ఆపేసింది. ముందున్నవాళ్లను కట్టుబట్టలతో విమానం ఎక్కించారు. మిగిలినవాళ్లకు నీళ్లు ఆపేశారు. అయినా వాళ్లు కదల్లేదు.

"వాళ్ల చోటికే మిమ్మల్ని ఏరుతున్నారు," అన్నాడు ఆనంద్ పాల్.

మాలో దుర్గాసాయి లంకవాడు. కొల్లేటిలో చేపల చెరువు గట్లు గవర్నమెంటు కొట్టేశాక వెల్డింగు నేర్చుకున్నాడు. అతనికి ఒళ్లు మండింది. "నేను మానేస్తే ఇంకోడు పోతాడు. సచ్చినోడి కోసం బతికున్నోళ్లు పస్తులుండాలా?"

మేమెవరం అతన్ని తప్పుపట్టలేదు. అందరి మనసులో ఉన్నదీ అదే. కనకమ్మ బయటి నుంచి ఊచలు పట్టుకుంది.

"పో నాయనా. మా వోడి మంచం ఖాళీగానే ఉందంట. దాని మీదే పడుకోమంటారు."

దుర్గాసాయి వెనక్కి తిరిగాడు. లోపలికి వెళ్లి మెషిన్ ముందు నిలబడ్డాడు. సూపర్వైజరు మొదలుపెట్టమన్నాడు. హోల్డరు పట్టుకుని కాసేపు ఇనుప ముక్క వైపు చూశాడు. తర్వాత దాన్ని తగిలించేసి, గ్లౌజులు తీసేసి బయటికి నడిచాడు. ఒకరి వెనక ఒకరం మేమూ నడిచాం. అప్పటికే ఇంటి దగ్గర ప్రయాణం ఖాయమని చెప్పుకున్నవాళ్లు ఏడుస్తూనే వచ్చారు. అందరం గేటుకు అడ్డంగా కూర్చున్నాం.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. మొదట అండీ అన్నారు, తర్వాత లాఠీలు తీశారు. కనకమ్మ కిందపడితే ఆమె మణికట్టును బూటు తొక్కింది. ఎముక విరిగిన చప్పుడు పక్కనున్న నాకు వినబడింది. పెద్దావిడకు మంచినీళ్లు ఇవ్వండని అమరేశ్వరరావు వరండాలోంచి పురమాయించాడు. సువర్ణను, ఆనంద్ పాల్‌ను వ్యానెక్కించారు.

"మీరు రాకపోతే రైళ్లు ఆగిపోతాయా అండీ?" అన్నాడు అమరేశ్వరరావు మాతో. "రేపు ఒరిస్సా నుంచి వస్తారు."

వచ్చారు. అతని మనుషుల కంటే ముందే మేం ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. దుర్గాసాయి తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో అంతా చెప్పాడు. చేతికి కట్టుతో కనకమ్మ పక్కన నిలబడింది. శవం ఎక్కడుందని వాళ్లడిగారు.

జవాబు ఆ సాయంత్రం క్యాంపు నుంచి ఫోన్లో వచ్చింది. శవం కోసం ఎవరూ రాలేదని చెప్పి ఏసోబును అక్కడే ఇసుకలో పూడ్చేశారు. ప్రార్థన కూడా లేదు. ఆ మాట చెప్పడానికి మా తరఫు లాయరు హెప్సిబా సువర్ణను పెట్టిన ఏలూరు జైలుకు వెళ్లింది. ఏం జరిగిందో తర్వాత ఆమే మాకు చెప్పింది.

సువర్ణ గోడకు చేరబడి, కొంగు నోట్లో కుక్కుకుందట.

"దిక్కులేనోడని పూడ్చేశారాండీ?"

"అవునమ్మా."

"రైలు దిగినోళ్లు ఏమన్నారు?"

"అమరేశ్వరరావు పంపిన వ్యాను ఎక్కలేదు. మనవాళ్లతో పాటు షెడ్డు ముందే కూర్చున్నారు."

సువర్ణ ముఖం తుడుచుకుంది. మళ్లీ ఆ గేటు దగ్గరికి రానని ఒప్పుకుంటే బెయిలుకు పోలీసులు అడ్డుచెప్పరని హెప్సిబా చెప్పింది.

"ఒప్పుకోనని చెప్పండి," అంది సువర్ణ. "ఇక్కడున్న ఆడోళ్లకి ఏసోబు గురించి ఇంకా చెప్పలేదండీ."