సహాయకుడి గడి

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి. డీజిల్ వాసన లేని బండి బండే కాదని నా నమ్మకం. అందుకే మా కోడలు కరెంటు కారు కొని ట్యాక్సీగా తిప్పుతానన్నప్పుడు, "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ" అని మా ఆవిడతో అన్నాను. ఆవిడ కడుపులో మాట దాగదు. తిన్నగా వెళ్లి కోడలికి చెప్పేసింది. కోడలు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది.

కారు వచ్చిన దగ్గర్నుంచి సెలవు రోజుల్లో ఆమెకు ఒకటే పని. ఫోన్లో కనిపించే చార్జింగ్ స్టేషన్లన్నిటికీ స్వయంగా వెళ్లి చూసి రావడం. చూసి ఊరుకోదు. పక్కన ఎవరి కొట్టుందో కనుక్కుని, వాళ్లతో మాట కలిపి, నంబరు రాసుకుని మరీ వచ్చేది.

"ఏమ్మాయ్, స్తంభాలకు హాజరు వేస్తున్నావా?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"కంపెనీకి ఫోన్ చేస్తే అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయనే అంటారు మావయ్యా. అది పనిచేస్తోందో లేదో ఎదురుగా కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది" అంది.

ఇంతలో కంటి ఆసుపత్రి వాళ్లు పిలిచారు. కొండ మీది ఊళ్ల నుంచి ఆపరేషన్‌కి రోగులను తీసుకురావాలి. ముందు ఒక్క ట్రిప్పు చూస్తారట. వేళకు తెస్తే ఏడాది పొడుగునా ఆ పని కోడలిది, ఆలస్యమైతే మళ్లీ పాత డీజిల్ వ్యానుకే. ఆ కబురు వచ్చిన రోజు ఆమెకు సరిగ్గా అన్నం సయించలేదు. కొండ దారి కాబట్టి బండిలో ఇద్దరుండాలన్నది వాళ్ల నియమం. మావాడికి డ్యూటీ పడింది. నేను బయలుదేరాను.

తెల్లవారుతూనే కోడలు బండిని కొండెక్కించింది. పైనున్న చిన్న ఆసుపత్రిలో ఒక వడ్రంగి మేస్త్రిని మాకు అప్పగించారు. పన్నెండున్నరకల్లా పెద్దాసుపత్రిలో ఉండాలి. గుమాస్తా ట్రిప్ కాగితం ముందుకు తోశాడు. అందులో రెండు గడులున్నాయి. మొదటిది డ్రైవరుకి, రెండోది సహాయకుడికి. అలవాటైన చెయ్యి ఆగుతుందా? చూసుకోకుండా మొదటి గడిలో సంతకం గీకేశాను. కోడలు చూసింది. కలం అందుకుని రెండో గడిలో తన సంతకం పెట్టింది.

మేస్త్రికి దారి పొడుగునా కంట్లో చుక్కలు వెయ్యాలన్నారు.

"నువ్వు ఆయన పక్కన కూర్చో అమ్మాయ్, కొండ నేను దింపుతాను. ఇలాంటి మలుపులు నాకు మంచినీళ్ల ప్రాయం" అన్నాను.

ఆమె ఒక్క క్షణం తటపటాయించి తాళం ఇచ్చింది.

దింపానండీ, ఏం దింపాను! కుదుపు లేదు, చప్పుడు లేదు. మేస్త్రి కళ్లు మూసుకుని, "గట్టి చెయ్యి మీది" అన్నాడు. నాకు మీసం మెలేయాలనిపించింది. కొండ అడుగుకు వచ్చాక కోడలు ముందుకు వంగి, తెర మీది బ్యాటరీ శాతం అంకె చూసి గతుక్కుమంది.

"పంతొమ్మిదేంటి మావయ్యా? ఇరవైతో బయలుదేరాం. ఇక్కడికొచ్చేసరికి ఇరవై నాలుగుండాలి."

"దిగుతుంటే ఎక్కడమేంటి?"

"న్యూట్రల్‌లో దింపారా?"

"మరి? ముప్పై ఏళ్లుగా ప్రతి కొండా అలాగే దింపాను. చుక్క డీజిల్ దండగవదు."

కోడలు నుదురు పట్టుకుంది. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. అయినా మెల్లగానే చెప్పింది. "ఇది గేరులో దిగితే చక్రాలే కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతాయి. న్యూట్రల్‌లో పెడితే వచ్చేది కూడా పోతుంది. రోడ్డు మీద మంచి స్టేషను యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. పంతొమ్మిదితో అందుకోలేం."

నాకు తల కొట్టేసినట్టయింది. మేస్త్రి కళ్లు తెరిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇందాక మెచ్చుకున్న మాటను ఎలా వెనక్కి తీసుకోవాలా అని ఆయన అవస్థ.

"పన్నెండు కిలోమీటర్లకే ఒకటుంది, పనిచేస్తున్నట్టు పచ్చ గుర్తు కూడా ఉంది" అని ఫోను చూపించాను. తప్పు చేసినవాడికి సలహాలెక్కువ.

కోడలు దాని పక్కనున్న టైర్ల కొట్టుకి ఫోన్ చేసింది. "నాలుగు రోజులైందమ్మా అది చచ్చి. తెర నల్లగానే ఉంది" అన్నాడు కొట్టతను. రెండోది ఒక ఫర్నిచర్ షాపు ఆవరణలో ఉంది. అక్కడి కాపలాదారు, ఈ రోజు షాపుకి సెలవనీ, గేటు తాళం యజమాని పట్టుకెళ్లాడనీ చెప్పాడు. మూడోది నలభై ఒక్క కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫోన్లో అది ఎర్రగా, పనిచేయనట్టు కనబడుతోంది. నేనైతే దానివైపు చూసేవాణ్ణే కాదు. కోడలు ఎదురుగా ఉన్న టైలరమ్మకు ఫోన్ కలిపింది.

"ఎరుపేంటక్కా? పొద్దున్నే ఒకాయన పెట్టుకుని వెళ్లాడు. ఇప్పుడూ దీపం వెలుగుతూనే ఉంది. నువ్వు రా, నేను చూసుకుంటా."

కోడలు నా వైపు తిరిగి, "దిగండి మావయ్యా" అంది. దిగి వెనక మేస్త్రి పక్కకి మారాను. ఇక నుంచి చుక్కలు వెయ్యడం నా పని.

అప్పుడు చూశాను ఆమె పనితనం. ఏసీ ఆపేసింది. వెనక హారన్లు కొడుతున్నా నలభై అయిదు దాటలేదు. ముందు లారీ కనబడితే దూరం నుంచే కాలు తీసేసి, బండిని దానంతటదే నెమ్మదించనిచ్చింది. బ్రేకు తొక్కడమే నేను చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో నా కింద ఎంతోమంది కుర్రాళ్లు బస్సు నేర్చుకున్నారు. ఒక్కడి కాలైనా అంత ఒద్దికగా ఆడలేదు. అంకె పదయింది, ఏడయింది, నాలుగయింది. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. మూడు మీదుండగా స్టేషను కనబడింది.

బండి పెట్టాల్సిన చోట ఇస్త్రీ బల్ల ఉంది. దాని పక్కన మెడలో టేపు వేసుకున్న టైలరమ్మ నిలబడి, ఒక పెద్ద కారాయనతో వాదిస్తోంది. "ఇక్కడ మా అక్క బండి పెట్టాలి. కావాలంటే మీరు నా బల్ల మీద పెట్టుకోండి!" మమ్మల్ని చూడగానే బల్ల ఈడ్చేసింది. గొట్టం తగిలించగానే తెర మీద పచ్చ గీత కదిలింది. మేస్త్రి చేతులెత్తి దణ్ణం పెట్టాడు, యంత్రానికో టైలరమ్మకో తెలియదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చుక్కలు మేస్త్రికి వేశాను గానీ నాకు వేసుకోలేదు.

అరగంట చార్జింగ్ పెట్టి బయలుదేరాం. పన్నెండూ పద్దెనిమిదికి పెద్దాసుపత్రి గుమ్మంలో ఉన్నాం.

బండ్ల వ్యవహారం చూసే అధికారి గడియారం చూసి, కాగితం చూసి, నా భుజం తట్టాడు. "కరెంటు బండి కొండ దారిలో వేళకు వస్తుందనుకోలేదండీ. పెద్దాయన చెయ్యి పడింది కాబట్టి సరిపోయింది. డ్రైవరంటే ఇలా ఉండాలి."

కోడలు తల వంచుకుని మేస్త్రి సంచి బండిలోంచి దించుతోంది. నోరు విప్పి నన్ను తక్కువ చెయ్యదు. నాకు తెలుసు.

"ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి" అన్నాను. మొదటి గడిలో నా సంతకం కొట్టేశాను. "అమ్మాయ్, ఇలా రా. నీ సంతకం ఇక్కడ పెట్టు."

"ఎందుకు మావయ్యా, పోనీండి."

"పెట్టమన్నానా!"

పెట్టింది. అధికారి అయోమయంగా చూశాడు.

"నడిపింది మా కోడలండీ. కొండ దింపి చార్జింగ్ మింగింది నేను" అన్నాను. "రేపట్నుంచి బండి కావాలంటే ఆమెనడగండి. ఆమె దగ్గర స్టేషన్ల నంబర్లు కాదు, మనుషుల నంబర్లున్నాయి."

తర్వాత రెండో గడిలో ఆమె సంతకం పక్కన కొంచెం చోటు చూసుకుని, సహాయకుడిగా నా పేరు పూర్తిగా, తండ్రి పేరుతో సహా రాశాను. ఉద్యోగంలో చేరిన రోజు కూడా అంత గుండ్రంగా రాయలేదు.